స్కూటర్ తాళంచెవి

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు మామూలే, మెట్లెక్కేటప్పుడు గుర్తొస్తుంది, ఎక్కాక మర్చిపోతారు. నీళ్ల మోటారు మళ్లీ మొరాయించింది. మేడమీద వాటాలోకి కొత్తవాళ్లు దిగారు, వాళ్లమ్మాయిది కంప్యూటర్ చదువు, మంచి పిల్ల. నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. లెక్కపెట్టుకుని కూర్చోలేదులే, క్యాలెండర్ ఎదురుగా ఉంది కాబట్టి తెలిసింది.

ఫోన్లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకని ఉత్తరం.

మొన్న చిన్నత్త వచ్చి వెళ్లింది. రెండు గంటలు కూర్చుని లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "మీవాడి బ్యాంకు ఖాతా ఏదో ఆపేశారట కదా వదినా, మావాడన్నాడు" అంది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా, అసలు మాట చెప్పులేసుకునేటప్పుడే వస్తుంది. నేనేం అడగలేదు. నిన్నూ అడగట్లేదు. ఎవరో తెలియనివాళ్లతో నేరుగా బిట్‌కాయిన్ల లాంటి కంప్యూటర్ కాయిన్లు కొంటున్నావనీ అమ్ముతున్నావనీ, మధ్యలో ఎస్క్రో అని ఓ మధ్యవర్తి తాళం ఉంది కాబట్టి భయం లేదన్నావనీ కూడా అంది. ఆ మాట దగ్గరే నాకు నిద్ర పట్టలేదు.

ఏమిటా ఎస్క్రో చూద్దామని మేడమీద అమ్మాయిని పట్టుకున్నా. నాలుగు రాత్రులు కూర్చోబెట్టి చూపించింది పాపం. అమ్మేవాడి కాయిన్లు ముందు ఆ బేరం కలిపే సైటు దగ్గర తాళంలో పడతాయి. కొనేవాడు డబ్బు నేరుగా అమ్మేవాడి బ్యాంకు ఖాతాకి పంపి, కట్టేశానని నొక్కుతాడు. అమ్మేవాడు తన ఖాతా చూసుకుని రిలీజ్ నొక్కితే తాళం తెరుచుకుని కాయిన్లు అవతలికి పోతాయి. పైన ఓ మూల గడియారం తిరుగుతూ ఉంటుంది, ఇన్ని నిమిషాల్లో కట్టకపోతే ఆర్డర్ రద్దని. అదంతా బాగుంది. నచ్చింది కూడా. 2008లో బిట్‌కాయిన్ కనిపెట్టిన సతోషి రాసిన ఆ కాగితంలోనే కొనేవాళ్లకి ఎస్క్రో పెట్టుకోవచ్చని ఓ ముక్క ఉందట, ఆ అమ్మాయే చూపించింది. మధ్యస్తం అక్కర్లేని డబ్బు కనిపెట్టినవాడు కూడా సరుకు చేతులు మారే చోట మధ్యవర్తిని తలుచుకోక తప్పలేదన్నమాట.

కానీ నాయనా, మధ్యస్తం ఉన్నది కాయిన్లకి. డబ్బుకి లేదు. డబ్బు ఎస్క్రో గుమ్మం కూడా తొక్కదు. అది బ్యాంకు నుంచి బ్యాంకుకి నడిచిపోతుంది, సైటు వాడికి కంటికి కనపడదు. బ్యాంకులో ముప్పై ఏళ్లు చెక్కుల క్లియరింగ్ సీట్లో కూర్చున్నదాన్ని, ఆ మాత్రం చూడగానే తెలిసింది.

తెలిసినంత మాత్రాన ఏమవుతుందో కూడా నాకే తెలుసు. పెద్దమావయ్య స్కూటర్ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇంట్లో ఆ మాటెత్తితే నాన్న వీధిలోకి వెళ్లిపోయేది అందుకే.

అప్పటికి నువ్వు పుట్టలేదు, అక్క చంకలో ఉంది. అన్నయ్య స్కూటర్ అమ్మకానికి పెట్టాడు. ఎవరో ఒకాయన వచ్చి చూసి, బేరం కుదుర్చుకుని, డబ్బు బ్యాంకులో వేస్తానన్నాడు. అన్నయ్యకి అతను తెలీదు, అతనికి అన్నయ్య తెలీదు. చెల్లెలు బ్యాంకులో పనిచేస్తోంది, తాళంచెవీ కాగితాలూ ఆమె దగ్గర ఉంచుదాం, డబ్బు పడగానే ఇచ్చేస్తుంది అని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే నేనే ఎస్క్రో. తాళంచెవికి ఎర్ర దారం కట్టి ఉండేది, కాగితాలతో పాటు ఓ పసుపు కవర్లో పెట్టి నా బీరువాలో పెట్టా. మూడో రోజు సాయంత్రం అతనొచ్చాడు. వాన. గొడుగు మడిచి గుమ్మం పక్కన ఆనించి, జేబులోంచి చెక్కు వేసిన కౌంటర్‌ఫాయిల్ తీసి బల్లమీద తడి తుడిచి మరీ పెట్టాడు. బ్యాంకు ముద్ర ఉంది, అన్నయ్య ఖాతా నంబరు ఉంది, అంకె సరిపోయింది. "అక్కగారూ, చీకటి పడితే లైటు సరిగ్గా వెలగని బండి, వెలుగుండగానే వెళ్లిపోతాను" అన్నాడు. అన్నయ్య పేపర్లోంచి తలెత్తకుండానే "ఇచ్చెయ్యవే" అన్నాడు.

ఆ ముద్రకి అర్థం చెక్కు చేతికందిందని మాత్రమే. డబ్బొచ్చిందని కాదు. రోజుకి వందసార్లు కౌంటర్ దగ్గర అందరికీ చెప్పే మాట అది. ఆ ఒక్క సాయంత్రం నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఎదురుగా తడిసిన మనిషి నిలబడి ఉన్నాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు, రేపు రండి అనడానికి మొహమాటం అడ్డొచ్చింది. కవరు తీసి చేతిలో పెట్టేశా. గొడుగు మర్చిపోతున్నారని గుర్తు కూడా చేశా. చెక్కు తిరిగొచ్చింది, స్కూటర్ రాలేదు. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకని చెప్తున్నా, ఆ రిలీజ్ బటన్ దగ్గర మొహమాటం పనికిరాదు. వాడు పంపిన స్క్రీన్‌షాట్ నా కౌంటర్‌ఫాయిల్ లాంటిదే. మెసేజ్ చూసి కూడా నొక్కకు, దొంగ మెసేజ్‌లు సృష్టించడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు. బ్యాంకు యాప్ నువ్వే తెరిచి, మొత్తం పడిందా, పంపినవాడి పేరూ సైటులో ఉన్న పేరూ ఒకటేనా చూడు. పేరు తేడా ఉంటే, మా బావమరిది ఖాతా అన్నా, మా కంపెనీ ఖాతా అన్నా, రిలీజ్ చెయ్యకు. సైటు వాళ్లకి అప్పీల్ పెట్టు. వెనక్కి తీసుకోడానికి వీలున్న పద్ధతుల్లో వచ్చే డబ్బుతో అసలు అమ్మకు. ఈవేళ పడి నెల తర్వాత వెనక్కి పోయే డబ్బులున్నాయి. కాయిన్లు మాత్రం ఒకసారి పోతే పోయినట్టే.

ఆ పేరు తేడా దగ్గరే, చిన్నత్త అన్నది గనక నిజమైతే, నీ కథ ఉండి ఉంటుందని నా అనుమానం. దొంగ ఎవరికో ఏదో అమ్ముతానని చెప్పి నీ ఖాతా నంబరు ఇస్తాడు. ఆ అమాయకుడు నీకు కడతాడు. నీకు డబ్బు పడింది కదాని నువ్వు రిలీజ్ నొక్కుతావు. కాయిన్లు దొంగకి. మర్నాడు ఆ అమాయకుడు ఫిర్యాదు చేస్తే, కాగితాల మీద కనపడే పేరు నీది. ఖాతా ఆపేస్తారు. ఇందులో ఎస్క్రో చేసిన తప్పేమీ లేదు, దాని పని అది చక్కగా చేసింది.

రాత్రి పన్నెండు దాకా ఆ గడియారం ముందు కూర్చుంటే కళ్లేమవుతాయి? అద్దాలు మార్పించుకున్నావా? పోయినసారి ఫోటోలో ఎడమ కాడ వంకరగా ఉంది.

సైటు సంగతికొస్తే, రేటు చూసి కాదు, తాళం ఎవరి చేతిలో ఉందో చూసి ఎంచుకో. కొన్నిచోట్ల కాయిన్లు సైటు వాడి వాలెట్లోనే, అంటే కాయిన్లు దాచే పెట్టెలోనే ఉంటాయి. వాడు మంచివాడైనా రేపు ఉంటాడని ఏముంది? హెల్సింకీలో 2012లో మొదలైన లోకల్ బిట్‌కాయిన్స్ పేరున్న సైటే కదా, 2023లో మూసేశారు. మా కాయిన్లు మేం తీసుకుంటామని అందరూ వరసలో నిలబడాల్సిందే. హోడ్ల్ హోడ్ల్ లాంటి చోట మూడు తాళంచెవులట, కొనేవాడికొకటి, అమ్మేవాడికొకటి, సైటుకొకటి, ఏ రెండు కలిస్తే అది తెరుచుకుంటుంది. సైటు ఒక్కటే కాజెయ్యలేదు. అది నాకు నచ్చింది. బిస్క్ అనే ప్రోగ్రాంలో అయితే మధ్యలో కంపెనీయే లేదు, ఇద్దరూ హామీ సొమ్ము కట్టి దిగుతారు. అలాగని అదీ గట్టిదేం కాదు, 2020 ఏప్రిల్లో ఆ ప్రోగ్రాంలో ఉన్న లొసుగు పట్టుకుని ఎవడో 3 బిట్‌కాయిన్లూ మొనేరో అనే ఇంకో రకం కాయిన్లు 4,000 పట్టుకుపోయాడు.

తగువొస్తే ఎవరు తీర్పు చెప్తారు, ఎన్నాళ్లలో చెప్తారు, ఏ కాగితాలు అడుగుతారు? డబ్బు పెట్టకముందే ఇది చదువుకో. మాటలన్నీ సైటు చాట్లోనే ఉండాలి. "టెలిగ్రామ్‌లోకి రండి, అక్కడ మంచి రేటిస్తా" అన్నవాడికి దణ్ణం పెట్టి బయటికి రా, అక్కడ ఏమన్నాడో సైటు వాడికి కనపడదు. మేం సపోర్టు వాళ్లమని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసేవాళ్లూ అంతే. నువ్వు కొనేటప్పుడు, డబ్బు కట్టేశాక క్యాన్సిల్ మాత్రం నొక్కకు, వాడు కన్నీళ్లు పెట్టుకుని అడిగినా సరే. నొక్కావంటే తాళం వాడివైపు తెరుచుకుంటుంది.

రేటింగులు చూశా. ఒకడికి నూటికి 99 శాతం, వేలల్లో ట్రేడ్లు, రేటు మాత్రం పక్కవాళ్లందరికన్నా బోలెడు మెరుగు. మేడమీద అమ్మాయి మురిసిపోయింది. నాకు మాత్రం గొడుగు మడుస్తున్నట్టు కనిపించాడు. చిన్న చిన్న బేరాలు వంద చేసి పేరు తెచ్చుకుని, నూట ఒకటో దాంట్లో ముంచేవాళ్లుంటారు. పేరున్న ఖాతాలు కొనుక్కునేవాళ్లూ ఉన్నారట. ముందు చిన్న మొత్తంతో ఒకటి చేసి చూడు. వచ్చిన కాయిన్లు సైటులో వదిలెయ్యకుండా నీ వాలెట్లోకి తెచ్చుకో. ఆ వాలెట్ తిరిగి తెరవడానికి ఇచ్చే 12 మాటలో 24 మాటలో ఉంటాయి చూడు, కాగితం మీద రాసుకో, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోకు. నీ రాత నీకే అర్థం కాదు, కాస్త గుండ్రంగా రాయి.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టా. అయిపోయింది.

ఒకవేళ, ఒకవేళే అంటున్నా, ఖాతా ఆపి ఉంటే కంగారుపడి ఉన్నది ఇంకో ఖాతాకి మార్చాలని చూడకు, దాంతో అనుమానం పెరుగుతుంది. ఆర్డర్ నంబరు, చాట్, అవతలివాడి పేరు, నీ స్టేట్‌మెంటు అన్నీ ఇప్పుడే దింపి దాచుకో, ఆర్డర్ పాతబడితే దొరక్కపోవచ్చు. బ్యాంకుకి ఫోన్‌తో సరిపెట్టకుండా కాగితం రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. ఫిర్యాదు చేసినవాణ్ణని ఎవడైనా ఫోన్ చేసి డబ్బు వెనక్కి పంపమంటే పంపెయ్యకు, వాడే అసలు మనిషని ఏమిటి నమ్మకం? బ్యాంకు ద్వారానో, వకీలు ద్వారానో మాట్లాడు. ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను, ఏ మాట ముందు రాయాలో నాకు తెలుసు. రాసి పంపు, దిద్దిస్తా.

నాన్నకి చెప్పలేదు. చిన్నత్త మాట ఆయన చెవిన పడకుండా టీవీ శబ్దం పెంచా. నెలకి సరిపడా డబ్బు నీ చేతిలో ఉందా లేదా అన్నది మాత్రం చెప్పు, లేకపోతే నా పేరున ఉన్నదాంట్లోంచి పంపుతా. అప్పనుకో, ఏదైనా అనుకో.

ఆదివారం పొద్దున్న నాన్న నడకకి వెళ్తారు, ఏడు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో ఉండరు. ఫోన్ నా పక్కనే ఉంటుంది.

ఆశీస్సులతో,
అమ్మ

అన్నట్టు, ఆ అద్దాల కాడ బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ ఉత్తరం చదవగానే వెళ్లు.