శిక్షణ పొందినవాళ్లను వార్డు మార్చకండి

సంపాదకులకు నమస్కారం.

నవజాత శిశువుల వార్డు కొత్తగా తెరిచారన్న వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని వెంటిలేటర్లు, బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంచే వార్మర్లు ఎన్ని పెట్టారన్నదే చదువుతుంటాం. వాటి దగ్గర నిలబడేవాళ్లు ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, అర్ధరాత్రి డ్యూటీలో ఎవరుంటారు అన్న సంగతి అందులో ఉండదు. అలాంటి వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పుట్టిన పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. ఎక్కువమందికి ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే చాలు. కొందరికి మాత్రం మాస్క్ పెట్టి, బ్యాగ్ నొక్కుతూ గాలి అందించాలి, అదీ మొదటి నిమిషంలోనే. మాస్క్ కళ్ల మీదికి రాకూడదు, గడ్డం దాటకూడదు, అంచుల్లోంచి గాలి పోకూడదు. తల మరీ వెనక్కి వంచినా, ముందుకు వాల్చినా ఊపిరి దారి మూసుకుపోతుంది. బ్యాగ్ గట్టిగా నొక్కితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పుస్తకంలో ఇదంతా అరపేజీ. చెయ్యి తిరగాలంటే బొమ్మ మీద మళ్లీ మళ్లీ చేయాలి, తర్వాత అనుభవమున్నవాళ్లు పక్కన ఉండగా బిడ్డకు చేయాలి. కొన్నాళ్లు చేయకపోతే నేర్చుకున్నదీ పోతుంది.

ఆక్సిజన్ సంగతి చూడండి. 1940, 50ల్లో నెలలు నిండని పిల్లలకు దాన్ని ధారాళంగా ఇచ్చారు. వేలమందికి చూపు పోయింది. బాగా తగ్గించేసరికి ప్రాణాలే పోయాయి. అందుకే ఇప్పుడు ఆక్సిజన్ పెట్టిన అలాంటి బిడ్డకు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, సాధారణంగా 90, 95 మధ్య ఉంచుతారు. మానిటర్ మీద 99 కనిపిస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. తెలిసినవాళ్లు వెంటనే ఆక్సిజన్ తగ్గిస్తారు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపినా సుమారు వంద మిల్లీలీటర్లే. మందు లెక్కలో దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగితే మోతాదు పదింతలవుతుంది.

పిల్లల డాక్టరు అయిన తర్వాత కూడా నవజాత శిశువుల వైద్యమైన నియోనాటాలజీకి మళ్లీ కొన్నేళ్లు విడిగా శిక్షణ తీసుకునేది ఇందుకే. ఆ డాక్టర్లు ఇంకా చాలామంది కావాలి. 2022లో ప్రపంచంలో దాదాపు 23 లక్షల మంది పిల్లలు పుట్టిన 28 రోజుల్లోపే చనిపోయారు.

అయితే డాక్టరు ఒక్కరే ఇరవై నాలుగు గంటలూ ఇంక్యుబేటర్ పక్కన ఉండలేరు కదా. బిడ్డ రంగు మారిందని, పాలు తాగడం తగ్గిందని, ఒళ్లు చల్లబడుతోందని ముందుగా చూసేది నర్సే. కామెర్లకు ఈ రోజు వాడుతున్న లైటు వైద్యం కూడా 1950ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు గమనించిన విషయంతోనే మొదలైంది. పిల్లల్ని ఎండలోకి తీసుకెళితే పచ్చదనం తగ్గుతోందని ఆమె డాక్టర్లకు చూపించింది. 1958లో అక్కడి వైద్యులు దాని మీద వ్యాసం ప్రచురించారు.

అలా చూడగానే పసిగట్టే నేర్పు రావాలంటే ఒకే చోట ఏళ్ల తరబడి పనిచేయాలి. నేను పనిచేసిన చోట కష్టపడి తయారు చేసుకున్న అమ్మాయిలను కాస్త చేయి తిరగగానే ఆపరేషన్ థియేటర్‌కో, ఎముకల వార్డుకో మార్చేవారు. వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లకు మళ్లీ మాస్క్ పట్టుకోవడం దగ్గర నుంచి మొదలు. ఆ మధ్యలో ఉన్న పిల్లల మాటేమిటని అడిగితే నర్సులను కొన్నాళ్లకోసారి వార్డు మార్చాలన్న రొటేషన్ రూల్ అనేవారు. ఈ పద్ధతి చాలా తప్పు.

కాబట్టి వెంటిలేటర్లు మంజూరు చేసే ఉత్తర్వులోనే శిక్షణ ఉన్న నర్సుల, డాక్టర్ల పోస్టులూ ఉండాలి. ఈ నర్సులను సాధారణ రొటేషన్ నుంచి మినహాయించి, వాళ్ల చదువుకు తగిన హోదా, జీతం ఇవ్వాలి. చిన్న ఆసుపత్రుల్లో కాన్పులు చేసేవాళ్లను కొన్ని వారాలు పెద్ద యూనిట్‌లో పెట్టి పని నేర్పాలి. బిడ్డను పెద్దాసుపత్రికి తరలించే అంబులెన్సులోనూ శిక్షణ ఉన్నవాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. దారిలో ఒళ్లు చల్లబడి, షుగర్ పడిపోయి వచ్చిన బిడ్డను అక్కడ ఎంత గొప్ప డాక్టరు ఉన్నా కాపాడటం కష్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు