మెమరీ కార్డు తెరిచిన తమ్ముడికి

జగిత్యాల బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో ఉన్న తమ్ముడూ, నీ పేరు అడగడం మర్చిపోయాను. నా పాత ఫోన్ చూసి నవ్వనందుకే ముందు థాంక్స్. అంతకుముందు రెండు షాపుల్లో "పారేయ్ అన్నా" అన్నారు. నువ్వు మాత్రం మెమరీ కార్డు తీసి, దాని ఇత్తడి రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కో రీడర్‌లో పెట్టి చూశావు. మూడోదాంట్లో తెరుచుకుంది.

అందులో ఉన్నవి 2009లో దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో ఎక్కించుకున్న పాటలు. పేరుకు బంగారు ఊరు, గదికి ఎనిమిది మందిమి! ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని ఆపాలని అక్కడ రూలు. ఆ రెండున్నర గంటలూ ప్లైవుడ్ నీడన పడుకుని, ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, ఇంకోటి పక్కవాడి చెవిలో. పెషావర్ డ్రైవర్ ఇచ్చిన పష్తో పాటలూ ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాదు కానీ, రబాబ్ అనే ఆ తీగల వాయిద్యం మోగితే చాలు, తెల్లారుజామున నాలుగింటి బస్సు, డీజిల్ వాసన గుర్తొస్తాయి.

చివరిది కాల్ రికార్డింగ్. మా అమ్మ పాడిన బతుకమ్మ పాట, బ్యాలెన్స్ అయిపోయి మధ్యలోనే తెగుతుంది.

డబ్బులిస్తే "చాయ్ తాగించు అన్నా, చాలు" అన్నావు. తెచ్చేసరికి షాపు నిండా జనం. గ్లాసు కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను. చల్లారకముందే తాగావా?