పాదిర్లతో ఒక ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక నెలన్నర ఆలస్యమైంది, తప్పు నాదే. కోశాధికారి గారు లెక్కలు ఎప్పుడో ఇచ్చేశారు, నేనే కూర్చుని రాయలేదు.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఏమనుకున్నామో గుర్తుందిగా? 19వ శతాబ్దంలో మన కోస్తాలో పనిచేసిన పాదిర్లు, పంతుళ్లు, రచయితల్లో నెలకొకరి గురించి మాట్లాడుకుందామని. అంటే పన్నెండు సమావేశాలు. జరిగినవి ఆరు, ఒంగోలు ప్రయాణంతో కలిపి. మే నెల ఎండకి ఎవరూ రాలేదు, వానల్లో హాలు కారింది, రెండుసార్లు మాట్లాడతానన్నవాళ్లు చివరి నిమిషంలో ఫోనెత్తలేదు (పేర్లు రాయను, వాళ్లకి తెలుసు).

బందరువాళ్లం కాబట్టి నోబుల్ దొరతోనే మొదలుపెట్టాం. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి ఇక్కడికి వచ్చాడు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించే పని తీసుకుంటే నోబుల్ 1843లో బడి పెట్టి ఇక కదల్లేదు. ఫాక్స్ ఇక్కడికి వచ్చాక భార్యని పోగొట్టుకుని, ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్లి 1848లో 31 ఏళ్లకే పోయాడు. నోబుల్ మాత్రం పెళ్లి చేసుకోలేదు, 24 ఏళ్లలో ఒక్కసారి కూడా సొంత దేశం వెళ్లలేదు, బందరుని ముంచేసిన 1864 ఉప్పెన చూసి ఆ మరుసటి ఏడు ఇక్కడే చనిపోయాడు. అందరం నోబుల్ కాలేజీ అంటాం కానీ ఆ పేరుగల మనిషి ఎలాంటివాడో మనలో చాలామందికి తెలియదని ఆరోజు తేలింది.

గొడవ కూడా ఆరోజే అయింది. నోబుల్ తన బళ్లో అంటరానివాళ్లుగా చూసిన కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. పై కులాల పిల్లలకి చెబితే అది మెల్లగా అందరికీ చేరుతుందని, అందరినీ కలిపి కూర్చోబెడితే అసలు బడే నిలబడదని ఆయన లెక్క. మన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆ కాలం పరిస్థితులు చూడాలి బాబూ అంటూ, వాళ్ల తాతగారు అక్కడే చదివారని ఎంతో ఇష్టంగా చెబుతుంటే, వెనక వరసలో కూర్చున్న మన కుర్ర సభ్యుడొకడు లేచి, "మాస్టారూ, మా ముత్తాత వెళ్లుంటే గేటు దగ్గరే ఆపేసేవాళ్లుగా?" అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. మాస్టారు కాసేపాగి, "అవును, ఆపేసేవాళ్లు" అన్నారు. మిగతా సమావేశాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి, నిజం చెప్పాలంటే ఈ ఏడాది మనం చేసిన పని అదే.

ఇంత జాగ్రత్తపడ్డా బడికి దెబ్బ తప్పలేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది, మళ్లీ నింపుకోవడానికి నోబుల్ చాలా కష్టపడ్డాడు. ఆ ఇద్దరూ తర్వాత పాదిర్లయ్యారు. వాళ్ల గురించి విడిగా ఒక సమావేశం పెట్టాల్సింది, పెట్టలేదు.

ఆ కుర్రాడి ప్రశ్నకి రెండో జవాబు ఒంగోలులో దొరికింది. అక్కడికి 1866లో కాపురం వచ్చిన అమెరికన్ పాదిరి జాన్ క్లౌకి కూడా మొదట్లో సరిగ్గా నోబుల్ పరిస్థితే. బ్రాహ్మణులు బడికి పిల్లల్ని పంపారు, సాయం చేస్తామన్నారు. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు వచ్చి చేరడం మొదలైంది. వాళ్లని రానిస్తే మేం రాం అన్నారు పెద్దలు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట, గొప్ప వంశాలవాళ్లు ఎక్కువమంది పిలుపందుకోలేదని పౌలు కొరింథువాళ్లకి రాసిన చోటు. ఇది క్లౌ చెప్పుకున్న కథ, నమ్మడం మన ఇష్టం. చేసిన పని మాత్రం స్పష్టం, మాదిగల్ని రానిచ్చాడు, పై కులాల పిల్లలు వెళ్లిపోయారు.

జనవరిలో వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం. ధాత కరువులో (1876-78) క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సర్వే పని తెలిసినవాడు కాబట్టి చేయగలిగాడు. కరువు సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం చేరారని అంటారని. అది అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవ్వడానికి నీళ్లలో దిగింది ఆయన కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. ఆ ఒడ్డునే కూర్చుని పులిహోర తిన్నాం. కరువు కూలీల గురించి మాట్లాడుకుంటూ తింటుంటే కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

పురుషోత్తమ చౌదరి (1803-1890) సమావేశానికే జనం ఎక్కువ, ఎందుకంటే పాటలున్నాయి. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, పాదిరిగా పనిచేస్తూ కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టాడు. ఇప్పటికీ ఆదివారం చర్చిల్లో పాడతారు. మనలో ఒక పిన్నిగారు మూడు పాడారు, పుస్తకం చూడకుండా. కులాన్ని విమర్శిస్తూ ఆయన "కులాచార పరీక్ష" రాశాడని చెబితే మాస్టారు నోట్ చేసుకున్నారు.

గుంటూరు పాదిరి హయ్యర్ గురించి క్లుప్తంగా అయింది, కరెంటు పోయింది కాబట్టి. 1842లో వచ్చిన ఆ జర్మన్ ముసలాయన అమెరికా వెళ్లిపోయాక, రాజమండ్రి మిషన్‌ని వేరేవాళ్లకి అప్పగించేస్తున్నారని తెలిసి 1869లో, 76 ఏళ్ల వయసులో, నేనే వెళ్తానని ఓడెక్కాడు. మన సభ్యుల్లో మొదటి అంతస్తు హాలంటేనే రానివాళ్లున్నారు.

వీరేశలింగం గారు పాదిరి కాదు కదా, ఈ జాబితాలో ఎందుకని ముగ్గురు అభ్యంతరం చెప్పారు. పంతుళ్లు, రచయితలు అని మనమే రాసుకున్నాం, 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినాయన్ని వదిలేసి ఈ జాబితా ఏమిటి? సమావేశం పెట్టాం, అభ్యంతరం చెప్పినవాళ్లు కూడా వచ్చి టీ తాగారు.

ఇక డబ్బు సంగతి. చందాలు హాలు అద్దెకి, టీలకి సరిపోయాయి. వ్యాన్ ఖర్చుకి తక్కువ పడితే నలుగురు చేతి నుంచి వేసుకున్నారు, వాళ్లకి ఇవ్వాలి. ప్రొజెక్టర్ కొనాలన్న తీర్మానం మూడో ఏడు కూడా వాయిదా. నోబుల్ ఫోటో కోసం ఒక ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు.

వచ్చే ఏడాది మొదటి సమావేశం రత్నం, భూషణం మీద. మాట్లాడేది మన కుర్ర సభ్యుడు, అధ్యక్షత మాస్టారు, ఇద్దరూ ఒప్పుకున్నారు. హాలు కింది అంతస్తులోనే తీసుకున్నాం. చందా బాకీలున్నవాళ్లు ఆరోజే కట్టేయండి, నేను ఫోన్లు చేయలేను.

మీ కార్యదర్శి