అరగొనైట్ ఇసుక వేసేముందు ఇది చూడండి
అందరికీ నమస్తే, చేపల తొట్టి (అక్వేరియం) అడుగున వేసే అరగొనైట్ శాండ్ గురించి అడుగుతున్నారు కదా, అది గుల్లలు, పగడాలు అరిగి వచ్చే కాల్షియం కార్బొనేట్ ఇసుకండీ, నీళ్ళు కాస్త ఆమ్లంగా మారితే మెల్లగా కరిగి కేహెచ్ (నీళ్ళలో కార్బొనేట్ల మోతాదు) పెంచుతుంది, పీహెచ్ పడిపోకుండా 8 దగ్గర పట్టుకుంటుంది. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యికా సరస్సుల సిక్లిడ్ చేపలకి చాలా మంచిది, ముఖ్యంగా నత్తగుల్లల్లో కాపురం ఉండే బుల్లి చేపలు నోటితో ఇసుక తీసి పక్కన ఉమ్ముతూ గుల్ల చుట్టూ గుంట తవ్వుతుంటే చూడాల్సిందే!! నియాన్ టెట్రా, డిస్కస్ చేపలు పెంచేవాళ్ళు మాత్రం దయచేసి వెయ్యొద్దు, వాటికి సాఫ్ట్ వాటరే (ఖనిజాలు తక్కువున్న నీళ్ళే) కావాలి. మీ దగ్గరున్న ఇసుక ఏంటో తెలీకపోతే చెంచాడు తీసి వెనిగర్ పొయ్యండి, బుసబుసా పొంగితే కార్బొనేట్ ఉన్నట్టే. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ముందే హార్డ్, అందుకే ముందు టెస్ట్ కిట్‌తో చూస్కోండి, ఇసుకని మాత్రం తెల్లనీళ్ళు ఆగేదాకా కడగండి ప్లీజ్.