ఆర్‌సీలో పేరు మారేదాకా కారు మీదే

సంపాదకుడు గారికి నమస్కారం.

బ్రోకరు లేకుండా సొంతంగా కారు అమ్ముకునేవాళ్లు మా కర్నూలులో ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. ఫోన్లో నాలుగు ఫొటోలు పెడితే సాయంత్రానికల్లా అడిగేవాళ్లు వస్తారు, కమిషన్ మిగులుతుంది. అంతవరకు మంచిదే. కానీ ఆ అడిగేవాళ్లలో మోసగాడు కూడా ఉంటాడని, కారు ఇచ్చేశాక కూడా అమ్మినవాడి మెడకు చుట్టుకునే తంటాలు ఉంటాయని చాలామంది ఆలోచించడం లేదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. "సార్, ఎలాగైనా ఆ డబ్బు వెనక్కి తెప్పించండి" అంటూ కౌంటరు ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లేమీ అమాయకులు కాదు. టీచర్లు, ఉద్యోగులు, షాపులు నడుపుకునేవాళ్లు. అడగాల్సిన మాట అడగడానికి మొహమాటపడ్డారు, అంతే. మోసగాడు ఆశపెట్టుకునేది కూడా ఆ మొహమాటం మీదే.

ఇప్పుడు నడుస్తున్న ఒక మోసాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ దెబ్బతింటారు. మీరు 5 లక్షలకు కారు అమ్మకానికి పెట్టారనుకుందాం. ఒకడు ఫోన్ చేస్తాడు. బేరమే ఆడడు. "సరే అన్నా, 5కే తీసుకుంటా, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఫొటోలు పంపించు" అంటాడు. ఆ ఫొటోలతోనే మీ కారును తనదిగా చెప్పి ఇంకోచోట మూడున్నర లక్షలకు పెడతాడు. చౌకగా వస్తోంది కదా అని ఎవరో ఒకరు దిగుతారు. ఆ మనిషికి "కారు మా బావ ఇంటి దగ్గర ఉంది, పోయి చూసుకో, రేటు సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తొద్దు, మా ఇంట్లో లెక్కలు వేరే ఉన్నాయి" అని చెప్తాడు. మీకేమో "మావాడు చూడటానికి వస్తున్నాడు, ధర గురించి వాడితో మాట్లాడొద్దు, అది నేను చూసుకుంటా" అని చెప్తాడు.

మా వీధిలో ఒక టీచరు గారి ఇంటి ముందు సరిగ్గా ఇదే జరిగింది. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన అబ్బాయి బానెట్ ఎత్తి చూశాడు, ఆయిల్ గేజ్ బయటికి లాగి గుడ్డతో తుడిచి చూశాడు, స్టెప్నీ కూడా దింపించాడు. నచ్చింది. గేటు పక్కకు వెళ్లి ఫోన్లో డబ్బు పంపించేసి, వచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు. "డబ్బులేవి?" అన్నారు టీచరు గారు. "ఇప్పుడే మీ బావమరిదికి వేశాను కదా సార్" అన్నాడు ఆ అబ్బాయి. ఆయనకు అసలు బావమరిదే లేడు. పది నిమిషాల్లో వీధంతా పోగైంది. ఆ అబ్బాయి టీచరు గారిని కూడా దొంగల్లో ఒకడిగానే చూశాడు. అతని బాధ చూస్తే తప్పుపట్టాలనిపించలేదు, వాళ్ల నాన్న పంట అమ్మిన డబ్బు అది. ఇద్దరూ గంటసేపు ఒకే కారు చుట్టూ తిరిగారు. "ఎంతకు కొంటున్నావు నాయనా, ఎవరికి ఇస్తున్నావు?" అన్న మాట ఒక్కటి వచ్చి ఉంటే ఆ డబ్బు పోయేది కాదు.

కాబట్టి కారు ముందు నిలబడిన మనిషితోనే ధర మాట్లాడండి. ఎవరు వద్దన్నా మాట్లాడండి. డబ్బు ఆర్‌సీలో పేరున్నవాళ్ల ఖాతాకే రావాలని ఫొటోలు పెట్టినప్పుడే రాయండి. ఆర్‌సీ, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపకండి, చూడాలనుకున్నవాళ్లు ఇంటికొచ్చి చూస్తారు. ఇంత చేసినా డబ్బు పోతే, ఇంట్లో చర్చలు పెట్టుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో నిలిచి ఉంటే అక్కడే ఆపించే వీలుంటుంది. ఆలస్యమైతే అది పది ఖాతాలు దాటిపోతుంది.

మిలిటరీలో ఉన్నానని, కారు చూడకుండానే కొంటానని చెప్పి, డబ్బు పడాలంటే స్కాన్ చేసి పిన్ కొట్టమని క్యూఆర్ కోడ్ పంపేవాళ్ల గురించి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ అడిగారంటే డబ్బు మీ దగ్గర నుంచి పోతోందని అర్థం. ఈ ఒక్కటి ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

ఇక డబ్బు తీసుకునే విషయం. ఇన్నేళ్లు నేను చేసిన పని ఇదే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. "పంపించాను సార్" అని చూపించే స్క్రీన్‌షాట్‌ను, మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను నమ్మి తాళం ఇవ్వకండి. రెండూ తయారు చేయొచ్చు. మీ ఖాతా మీరే తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి. చెక్కు ఇస్తే అది పాసై డబ్బు పడేదాకా కారు మీ ఇంటి ముందే ఉండాలి. డీడీ అంటే చాలామందికి గుడ్డి నమ్మకం, నకిలీ డీడీలు కూడా ఉంటాయి. అన్నిటికంటే మంచి పద్ధతి, కొనేవాళ్లతో కలిసి వాళ్ల బ్యాంకుకే వెళ్లడం. 2 లక్షలు, ఆపైన ఉంటే ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాన్ని ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే పద్ధతి) చేయించి, మీ ఖాతాలో పడిందని చూసుకుని అక్కడే తాళం ఇవ్వండి. నగదు మొత్తం ఇస్తానంటే ఒప్పుకోకండి. ఒక అమ్మకం కింద 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి చెబుతోంది, తీసుకున్నవాడికే అంత మొత్తం జరిమానా పడొచ్చు. పైగా ఇంట్లో నోట్ల కట్టలు లెక్కపెట్టడమంటే దొంగనోట్ల భయం, దారిలో వెంటపడేవాళ్ల భయం రెండూ ఉంటాయి.

ట్రయల్ ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. వచ్చిన మనిషి డ్రైవింగ్ లైసెన్స్ అడగండి, ఫొటో తీసుకోండి. లైసెన్స్ అడిగితే నొచ్చుకునే మనిషికి కారు ఇవ్వకపోవడమే మేలు. పక్క సీట్లో మీరు గానీ మీవాళ్లు గానీ కూర్చోవాలి. దొంగ ఎదురుచూసేది సీట్లు మారే క్షణం కోసం. మీరు దిగి అటు తిరిగి వెళ్లేలోపు అతను స్టీరింగ్ ముందు ఉంటాడు, ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. అందుకే దిగే ముందు ఇంజిన్ ఆపి తాళం చేతిలోకి తీసుకోండి, మీరు పక్క సీట్లో కూర్చున్నాకే ఇవ్వండి. స్పీడు చూద్దాం, హైవే ఎక్కిద్దాం అంటారు. కర్నూలులో 44వ నంబరు హైవే ఎక్కితే కాసేపట్లో తుంగభద్ర బ్రిడ్జి వస్తుంది, అది దాటితే రాష్ట్రమే మారిపోతుంది. ట్రయల్ ఏ దారిలో అనేది మీరే నిర్ణయించండి.

డబ్బు వచ్చింది, కారు పోయింది, ఇక మన పని అయిపోయిందనుకోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఆర్‌సీలో పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద తేదీ లేకుండా, కొనేవాడి పేరు లేకుండా సంతకాలు పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ ఖాళీ కాగితాలతో కారు ఒకరి నుంచి ఇంకొకరికి పోతూనే ఉంటుంది, ఆర్‌సీలో పేరు మాత్రం మీదే. ఆ కారు ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసులో మీరు ముద్దాయి అవుతారు. అమ్మేసినా సరే, ఆర్‌సీలో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆ కేసులో కారు అప్పటికే చాలామంది చేతులు మారింది. ఎర్రచందనంతోనో పక్క రాష్ట్రం మద్యంతోనో బండి పట్టుబడితే పోలీసులు మొదట వచ్చేది కూడా మీ ఇంటికే. అప్పుడు పడే టెన్షన్ ముందు ఇప్పుడు ఒక పూట ఆఫీసు చుట్టూ తిరగడం ఏ పాటి?

మోటారు వాహనాల చట్టం ప్రకారం, కొనేవాళ్లు మన రాష్ట్రంవాళ్లయితే అమ్మిన 14 రోజుల్లోపు అమ్మినవాడు రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లోపు పేరు మార్పించుకోవాలి. మనకు గద్వాల, రాయచూరు, బళ్లారి దగ్గరే కాబట్టి వేరే రాష్ట్రంవాళ్లు కొనడం ఎక్కువ. వాళ్లకు అమ్మితే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని రవాణా శాఖ ఇచ్చే పత్రం తీసుకోవాలి. అది కొన్నవాడే చూసుకుంటాడని వదిలేయకండి. ఎన్‌వోసీ చేతికొచ్చినంత మాత్రాన పేరు మారినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. కారు మీద లోన్ ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ఆర్‌సీలో ఆ ఎంట్రీ ముందే తీయించుకోవాలి. తాళం ఇచ్చే రోజు డెలివరీ కాగితం ఒకటి రాసుకుని తేదీతో పాటు టైమ్ కూడా వేయండి. ఆ రోజు సాయంత్రం స్పీడ్ చలానా పడితే అది ఎవరిదో ఆ కాగితమే చెబుతుంది. ఫాస్టాగ్ రద్దు చేయించండి, లేకపోతే అమకతాడు టోల్‌గేటు దగ్గర కొత్త యజమాని వెళ్తుంటే మీ డబ్బు కట్ అవుతూ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్ల షాపుకు ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ డీలరుకు రవాణా శాఖ ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి. కారు డీలరు చేతికి ఇచ్చినట్టు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్లో తెలిపితే, అక్కడి నుంచి బాధ్యత డీలరుదే. కారు షాపులో వదిలి ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి వచ్చేకంటే ఇది ఎంతో నయం.

జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. కార్లు చూపించుకోవడానికి, తాళాలు ఇచ్చిపుచ్చుకోవడానికి నగరంలో ఒకటి రెండు పోలీస్ స్టేషన్ల ముందు సీసీ కెమెరా కింద కొంత స్థలం కేటాయించి, ప్రజలకు తెలిసేలా బోర్డు పెట్టాలని ఎస్పీ గారిని కోరుతున్నాను. దొంగ అనేవాడు అక్కడికి రమ్మంటే రాడు. రవాణా శాఖను కోరేది, కొన్నవాడు వెంట రాకపోయినా అమ్మినవాడు ఒక్కడే వచ్చి ఫారం 29 ఇస్తే తీసుకుని, తేదీ వేసి రసీదు ఇచ్చే కౌంటరు ఒకటి ఆఫీసులో అందరికీ కనిపించేలా ఉంచాలని. బయట ఏజెంటును అడగాల్సిన పని లేకుండా దాని పక్కనే తెలుగులో అన్నీ రాసిన బోర్డు కూడా ఉండాలి.

ఇట్లు,
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
కల్లూరు, కర్నూలు.