అగ్లోనిమాలు ఎందుకు అమ్మడం లేదంటే

నల్లగొండలోని మన నర్సరీకి ఎప్పుడూ వచ్చే అన్నలకు, అక్కలకు. కొత్తగా దిగిన అగ్లోనిమాలు (రంగురంగుల ఆకులుండే కుండీ మొక్కలు) షెడ్డులో కనబడుతున్నా అమ్మట్లేదేమని అడుగుతున్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన "రేటు పెంచడానికి దాచిపెట్టిండు" అని రాశాడు. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

సరుకు నర్సరీల ఊరు కడియం వైపు నుంచి రాత్రి డీసీఎం వ్యాన్‌లో వస్తుంది. చలికాలం పరదా గట్టిగా కట్టమని ప్రతిసారీ చెప్తాను, కట్టేవాళ్లు కూడా. ఈసారి వెనక సగం విప్పే ఉంది, తెల్లవారుజామున హైవే మీది చలిగాలంతా మొక్కలకే కొట్టింది. దించినప్పుడు మాత్రం ఆకులు నిగనిగలాడుతున్నాయి, ఒక్క మచ్చ లేదు. తిరకాసు అక్కడే ఉంది. 12, 13 డిగ్రీల కిందికి పోతే అగ్లోనిమా ఆకు లోపల దెబ్బతింటుంది గానీ, నూనె అంటినట్టుండే నల్లమచ్చలు కొన్ని రోజులకు గానీ పైకి తేలవు. సప్లయర్‌కు ఫోన్ చేస్తే "మచ్చలు తేలేలోపు అమ్మెయ్యన్నా, తర్వాత ఎవరన్నా అడిగితే నీళ్లెక్కువ పోశారని చెప్పు" అన్నాడు. ఎన్నో ఏళ్ల పరిచయం. పైసలు వాపస్ ఇవ్వనన్నా ఇంత బాధ అనిపించేది కాదు.

అబద్ధమెందుకు, ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. కొత్త సంవత్సరానికి బహుమతులుగా ఇస్తామని ఆఫీసులవాళ్లు ఆర్డర్లిచ్చారు, అడ్వాన్సులు తీసుకున్నాను, చేతిలో ఉన్నదంతా ఆ లోడు మీదే పెట్టాను. కళ్లకు బాగున్నదాన్ని బాగుందని అమ్మితే తప్పేంటి అని ఇంట్లో కూడా అన్నారు, నాకూ కాసేపు నిజమే అనిపించింది. కానీ రేపు మీరు కుండీ పట్టుకుని వస్తే, నీళ్లెక్కువ పోశారని మీ మొహం మీద చెప్పడం నావల్ల కాదు. ఇప్పుడు సగానికి పైగా మచ్చలు తేలాయి, వచ్చి చూసుకోండి. గ్రూపులో రాసినాయన కూడా రావచ్చు, చాయ్ తాగి పోవచ్చు.

మచ్చలున్నవి సగం రేటుకు అడుగుతున్నారు. ఇవ్వను. రథసప్తమి దాటి రాత్రులు వెచ్చబడ్డాక, కొత్త ఆకు వేసినవే అమ్ముతాను. అప్పటిదాకా ఆగలేకపోతే వేరేచోట కొనుక్కోండి, నాకేం కోపం లేదు (కొంచెం ఉంది).

మీ ఇళ్లలో ఉన్నవాటికి భయపడాల్సిన పని లేదు. ఉత్తరాదిలోలాగా మంచు గడ్డకట్టి మొక్క మాడిపోయేంత చలి మనకు రాదు, వీడియోల్లో చలికని చూపించే సామానంతా కొనకండి. అగ్లోనిమా, డిఫెన్‌బేకియా లాంటివాటిని రాత్రిపూట గోడవారకో ఇంట్లోకో జరపండి. జరపలేనివాటి మీద పొద్దుగూకేటప్పుడు పాత చీర కప్పి, ఎండ రాగానే తీసేయండి. ప్లాస్టిక్ కవర్ అయితే ఆకులకు తగలనివ్వకండి. నీళ్లు పొద్దునే, అదీ మట్టి ఆరితేనే. అడీనియం ఆకులు రాల్చిందని కంగారుపడి నీళ్లు గుమ్మరించారంటే దుంప కుళ్లుతుంది. గులాబీ, చామంతికి ఇదే మంచి కాలం, వాటికేమీ కప్పొద్దు.

అడ్వాన్సులిచ్చినవాళ్లు వాపస్ తీసుకోవచ్చు, లేదంటే అదే లెక్కకు గులాబీలిస్తాను. డీసీఎం కిరాయి, మచ్చల మొక్కల నష్టం నేను చూసుకుంటాను, మీ బిల్లులో కలపను. కొత్త సప్లయర్‌తో మాట్లాడుతున్నాను, ఈసారి బండి పగలే నడవాలని చెప్పాను. కిరాయి ఎక్కువవుతుందన్నాడు, కానివ్వమన్నాను.