మామిడి సీజనుకి ఇస్తానన్న ట్రక్కు వినాయక చవితి దాటాక ఇచ్చాను

పాత బండ్లు బాగుచేసే నా షెడ్డులో బండి పెట్టి డేట్ కోసం ఎదురుచూస్తున్న ఐదుగురికీ, పెడదామని అడిగి నా దగ్గర సరైన జవాబు రాక ఊరుకున్న మిగతావాళ్ళకీ ఇది రాస్తున్నాను. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పుకుంటూ వచ్చాను, అందులో కొన్ని సగం నిజాలే. "స్పేర్ రాలేదండీ" అన్నవాటిలో నిజంగా స్పేర్ రానివి కొన్నే.

మీ అందరి పనీ వెనక్కి పోవడానికి కారణం ఒకే ఒక్క బండి. పోరంకిలో మా ఇంటి వెనక షెడ్డుకి వచ్చిన ప్రతి ఒక్కరూ చూసే ఉంటారు, గేటు పక్కన తొట్టి విప్పేసి, ముందు అద్దం లేకుండా, మా ఆవిడ బట్టలారేసే తీగ కిందే నెలల తరబడి నిలబడ్డ టాటామొబైల్ 206. టాటా మోటార్స్‌ని ఇంకా అందరూ టెల్కో అనే రోజుల్లో, 1988లో దింపిన డీజిల్ పికప్పు అది. 1991లో సియెర్రా కారు వచ్చింది దీని ఛాసిస్ మీదే, 1994లో సుమో వచ్చినప్పుడు దాంట్లో పెట్టిందీ ఇదే 1948 సీసీ ఇంజను. అందుకే దీని స్పేర్లు దొరకవని ఎవరైనా భయపెడితే నేను నవ్వేవాడిని. సుమోలు తుక్కుకి కోసిన చోటల్లా దీని స్పేర్లు ఉన్నట్టేనని ధైర్యం. ఆ ధైర్యమే కాస్త ఎక్కువైంది.

బండి ఓనరు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటారు. వేసవిలో నూజివీడు వైపు తోటల నుంచి నున్న మామిడి మార్కెట్‌కి కాయ తోలతారు, మిగతా ఏడాది ఏది దొరికితే అది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు బండి వీధిలోనే ఉంది, స్టీరింగ్ దాకా నీళ్ళు. వాగు కట్టకి పడ్డ గండ్లు మూడూ పూడ్చేసరికి 7వ తేదీ వచ్చింది, ఆ తర్వాత కూడా ఆయన వీధిలో నీళ్ళు వెంటనే పోలేదు. అంతా తగ్గాక డ్రైవరు కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టి సెల్ఫ్ కొట్టాడు. ఠక్కుమని ఆగింది. అర్థం కాక ఇంకోసారి కొట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్తాను, మీలో నలుగురైదుగురు బుడమేరు పరిసరాల్లోనే ఉంటారు కాబట్టి. ఇలాంటి డీజిలు ఇంజను లోపలికి పీల్చిన గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కుతుంది, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ చాలా తక్కువ. ఎయిర్ ఫిల్టర్ దారిలో లోపలికి చేరిన నీళ్ళు మాత్రం నొక్కితే నొక్కుపడవు. పిస్టన్ ఆగిపోతుంది, కింద పిస్టన్లని ఆడించే క్రాంక్ ఇరుసు ఆగదు, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండి మునిగితే చేయాల్సింది బ్యాటరీ వైరు పీకేసి వదిలేయడం, సెల్ఫ్ జోలికి అసలు పోకూడదు. డీజిలు చిమ్మే నాజిళ్ళు గానీ, చల్లటి ఇంజను అందుకోవడానికి వేడి చేసే హీటర్ ప్లగ్గులు గానీ విప్పి, చేత్తో ఇంజను తిప్పి నీళ్ళు బయటికి తోసి, ఆయిళ్ళన్నీ దించేసి, ఆ తర్వాతే ఏదైనా. టోయింగ్‌కి డబ్బులు దండగ అనుకుని సెల్ఫ్ కొడితే ఇంజను పోతుంది.

సరే, బండి అక్టోబరులో నా దగ్గరికి వచ్చింది. ఆ నెలలో వరద బండ్లు వరసగా వస్తున్నాయి, కొత్త మోడళ్ళలో కంప్యూటరు తడిసి, వైరింగు తడిసి, బాగు చేయడం కన్నా వదిలేయడమే మేలు అన్నట్టున్నవి. వాటి మధ్య ఈ పాత ట్రక్కు నాకు దేవుడిలా కనిపించింది. కంప్యూటరు లేదు, సెన్సార్లు లేవు, అంతా ఇనుమూ ఆయిలూనే. తుక్కు కొనేవాళ్ళు అప్పటికే ఆయన ఇంటికి రెండుసార్లు వెళ్ళొచ్చారు. నేను బానెట్ ఎత్తి చూసి, కింద పడుకుని ఛాసిస్ మీద రెండు దెబ్బలు వేసి విని, ఇంజను తెరవకుండానే ఆయనకి మాటిచ్చేశాను. ఇంజను పని, డీజిల్ పంపు, తొట్టి వెల్డింగు, పెయింటు మొత్తం 1,40,000, ఉగాదికి బండి రోడ్డు మీద ఉంటుందని. ఆయన కాయ సీజను ఏప్రిల్‌లో మొదలు, అందుకే ఉగాది.

తెరిచింది డిసెంబరులో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా క్యూలో పెట్టాను, వచ్చిన రోజు కనీసం ఆయిలన్నా దించలేదు. ఇది మా మేస్త్రి వింటే చెంప పగలగొట్టేవాడు. డ్రెయిన్ బోల్టు విప్పగానే ముందు నీళ్ళు, తర్వాత పాలు ఎక్కువైన టీ లాంటి ఆయిలు వచ్చాయి. గేర్ బాక్సు, వెనక ఇరుసులోని క్రౌన్ ఆయిళ్ళు కూడా అదే రంగు. నిజానికి వారం రోజులు మునగడం కన్నా, మునిగాక తడితో మూసి ఉంచిన ఆ నెలలే లోపల ఎక్కువ తినేశాయి. క్రాంక్ జర్నల్స్ మీద, అంటే బేరింగుల్లో తిరిగే భాగాల మీద, బేరింగు ఆనిన చోట తప్ప మిగతా అంతా గోటితో గీకితే తగిలే గుంటలు. గ్రైండింగు ఎలాగూ ఉండేదే, కానీ ఒక సైజు అరగదీస్తే పోవాల్సింది రెండు సైజులకి వెళ్ళింది, ఆ తేడా నా ఖాతాలో పడాలి.

డయల్ గేజ్ పెట్టి నాలుగు పిస్టన్లూ ఒక్కొక్కటే పైకి తెచ్చి చూశాను. ఒకటి, రెండు, నాలుగు దాదాపు ఒకే ఎత్తు. మూడోది ముల్లు తిరిగి తిరిగి మిగతావాటికి మిల్లీమీటరు పైచిలుకు కిందే ఆగిపోయింది. కంటికి రాడ్డు నిటారుగానే ఉంది, గాజు పలక మీద పెట్టి చూస్తే తెలిసింది. బెండు తీయించి వాడేసేయమని సలహాలిచ్చారు. ఒకసారి వంగిన రాడ్డుని కాయ లోడు ఉన్న బండిలో నేను పెట్టను. కొత్త రాడ్లు నాలుగూ కొని, కాటా మీద బరువు సరిచూసుకుని వేశాను.

ఇప్పటిదాకా చెప్పినవి ఆయనకి తెలుసు. తెలియకుండా దాచింది హీటర్ ప్లగ్గుల సంగతి. ఏళ్ళ తరబడి విప్పని ప్లగ్గులు, పైగా వరద తుప్పు. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు విప్పితే వదులుతాయి, కానీ ఇది స్టార్టే కాని ఇంజను. నాలుగు రోజులు తుప్పు వదిలే స్ప్రే కొడుతూ, గ్యాసుతో కాస్త కాస్త వేడి చేస్తూ మూడు తీశాను. నాలుగోది పానా మీద చెయ్యి వేయగానే ముందు కొంచెం కదిలినట్టు మెత్తగా అనిపించింది, ఆ మెత్తదనం చూసి సంతోషపడ్డాను, మరుక్షణం టిక్కుమని సగం చేతికొచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. అక్కడే ఆపి హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే ఆ దిమ్మ, లేత్ షాపుకి పంపి ఉంటే వాళ్ళు బిగించి నిటారుగా డ్రిల్లు వేసి, మర పోతే పెద్ద మర వేసి ఇచ్చేవాళ్ళు. రాత్రి తొమ్మిదింటికి, నిద్ర మొహంతో, నేనే హ్యాండ్ డ్రిల్లు పట్టుకున్నాను. ప్లగ్గు గట్టిది, డ్రిల్లు పక్కకి జారి హెడ్డుని తినేసింది. ప్రెషర్ పెట్టి చూస్తే ఆ కన్నం దగ్గర సన్నగా నీళ్ళు ఊరాయి. హెడ్డు పోయింది.

ఆయన ఫోన్ చేస్తే "పంపు దగ్గర లేట్ అవుతోందండీ" అని చెప్పాను. పంపు, నాజిళ్ళు అప్పటికి క్యాలిబ్రేషన్ అయి నా బల్ల మీదే ఉన్నాయి. అలా రెండు వారాలు లాగాను, ఈలోపు బండ్ల స్పేర్లు, షెడ్లు ఉండే ఆటోనగర్ మొత్తం తిరిగాను. ఆటోనగర్‌లో దొరకనిది ఉండదంటారు, ఉంటుంది. సుమో హెడ్లు మూడు చూశాను, ఒకటి పగిలి అతుకు వేసింది, ఒకటి అడుగు చదును కోసం ఎన్నిసార్లు ఫేసింగ్ చేశారో పల్చబడిపోయింది, ఇంకోటి కడిగి పెయింటు వేసి కొత్తదన్నట్టు చెప్పారు, అడ్వాన్సు కూడా ఇచ్చాను, తీరా తెచ్చి స్కేలు పెడితే వంకర. ఆ అడ్వాన్సు తిరిగి రాలేదు. నంబరు కలిసి, ప్రెషర్‌కి నిలబడ్డ హెడ్డు దొరికేసరికి ఏడు వారాలు. ఉగాది వెళ్ళిపోయింది.

అప్పుడు వెళ్ళి చెప్పాను, సింగ్‌నగర్ వాళ్ళింటికి. అరుస్తారని సిద్ధపడే వెళ్ళాను. ఆయన మొత్తం విని, "మేస్త్రీ, ఇదే మాట విరిగిన రోజున చెప్పుంటే సీజనుకి అద్దె బండి నెల మొత్తానికీ మాట్లాడుకునేవాడిని కదా, ఇప్పుడు రోజువారీ కట్టాలి" అన్నారు, అంతే. నేను చేసిన నష్టం హెడ్డు ఒక్కటే అనుకుంటున్నాను అప్పటిదాకా. మే నెలలో అదే అద్దె బండిలో నున్న నుంచి ఇంటికెళ్తూ మా గుమ్మంలో చిన్నరసాల బుట్ట ఒకటి దించి వెళ్ళారు. తిట్టి ఉంటే బాగుండేది, ఆ కాయలు నాకు గొంతు దిగలేదు, పిల్లలు తిన్నారు.

మిగతా పని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, కష్టమైనా మామూలు కష్టమే. తొట్టి అడుగు మొత్తం కోసేసి 16 గేజ్ షీటు వేశాం, కమాన్లు దించి బుష్‌లన్నీ మార్చాం, నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లూ కొత్తవే, ఎందుకంటే సరుకు బండికి ఈ వయసులో ప్రతి ఏడూ ఫిట్‌నెస్ చేయించాలి, అక్కడ బ్రేకు దగ్గర బేరాలుండవు. వైరింగు మొత్తం మా కుర్రాడు కొత్తగా అల్లాడు. హెడ్‌లైట్ బౌల్ విప్పితే ఎండిన బురద, దాంట్లో రెండు నత్తగుల్లలు. వాటిని వాడు ఇప్పటికీ పానాల పెట్టెలో దాచుకున్నాడు.

ఆగస్టులో ఒక పొద్దున స్టార్ట్ చేశాం. హ్యాండ్ పంపు కొట్టి, నాజిల్ పైపుల నట్లు వదులు చేసి, బుడగలు పోయి డీజిలు చుక్కలు సాఫీగా వచ్చేదాకా ఎయిర్ తీసి, హీటర్ వేసి సెల్ఫ్ కొడితే మొదట తెల్లటి పొగ, రెండు సిలిండర్ల మీద తడబడుతూ, తర్వాత మూడు, కాసేపటికి నాలుగోది కూడా అందుకుంది. పక్కింటాయన గోడ మీద నుంచి తొంగి చూసి "మళ్ళీ ఎవరిదండీ ఇది" అన్నాడు. ఇదే బండి అని నమ్మలేదు. చవితి వెళ్ళిన వారం ఓనరుకి అప్పజెప్పాను.

ఇప్పుడు డబ్బు, ఎందుకంటే ఇదే అందరూ లోపల అనుకునేది. మొత్తం ఖర్చు 2,12,000 తేలింది, నేను చెప్పిన దాని కన్నా 72,000 ఎక్కువ. హెడ్డు, దాని పని కలిపి 19,000 నాది. క్యూలో తడిగా పెట్టినందుకు, సీజను పోగొట్టినందుకు నా కూలిలో 10,000 వదులుకున్నాను. మిగతా 43,000 ఆయన కట్టారు, మొత్తం మీద 1,83,000. ఆయన అద్దె బండికి పెట్టిన డబ్బు ఇందులో లేదు, అది నేను తీర్చలేను, తీర్చినట్టు నటించను కూడా. ఇంతకీ ఆ బండి అమ్మితే అంత రాదు కదా అని అడిగేవాళ్ళకి, రాదు. ఆయనకీ తెలుసు.

అందుకని పద్ధతి మారుస్తున్నాను. తెరవని ఇంజనుకి ఇకపై రేటూ చెప్పను, డేటూ చెప్పను. తెరిచి చూడటానికి 6,000 తీసుకుంటాను, పని నాకే ఇస్తే అది బిల్లులో కలిసిపోతుంది, ఇవ్వకపోతే కొలతలన్నీ కాగితం మీద రాసి మీ చేతికిస్తాను, ఎవరి దగ్గరికైనా తీసుకెళ్ళండి. విప్పిన బండ్లు షెడ్డులో రెండుకి మించి ఉండవు. మునిగిన బండి వస్తే క్యూ ఎంతున్నా ఆ రోజే ఆయిళ్ళు దించుతాను. ఏదైనా విరిగితే ఆ సాయంత్రమే ఫొటో మీకు వస్తుంది, నేను విరగ్గొట్టినా సరే. ఈ పద్ధతి నచ్చక ఎవరైనా అడ్వాన్సు వెనక్కి అడిగితే మొహం చిన్నబుచ్చుకోను, ఇచ్చేస్తాను, ఒకరు ఇప్పటికే తీసుకున్నారు.

ఎంఎం 540 జీపు సోమవారం తెరుస్తున్నాను, ఓనరు గారు వీలైతే పదకొండు లోపు వచ్చి పక్కన ఉండండి, హీటర్ ప్లగ్గులు మీ ముందే విప్పుతాను. అంబాసిడర్ డీజిలు దసరా తర్వాతే. మిగతా ముగ్గురివీ దీపావళి లోపు తెరవడం కుదరదు, తొందరుంటే ఇప్పుడే చెప్పండి, ఆటోనగర్‌లో నమ్మకమైన చోటు నేనే చూపిస్తాను. అంబాసిడర్ వాళ్ళు ఈలోగా బ్యాటరీ ఇంటికి తీసుకెళ్ళండి, ఇక్కడ ఊరికే డౌన్ అయిపోతోంది.